బస్సు రాకుంటె నాగా ఎవరికి?

దసరా సెలవులు అయిపోయిన వారానికి ఒక పిల్లగాడు మా ఇంటికి వచ్చిండు. మా బడిల పదో తరగతి చదివినోడు. మాదిగవాడ పిల్లగాడు. వాళ్ల ఇంట్ల డిగ్రీ కాలేజీ గేటు దాటిన మొదటి మనిషి. చేతిల ఒక కాయితం. నోటీసు బోర్డు మీది హాజరు లెక్కను ఫోన్‌ల ఫోటో తీసి, జిరాక్స్ షాపుల కాయితం మీదికి ఎక్కించుకొచ్చిండు. తన పేరు ముందల 61 అని ఉన్నది. "సార్, నేను ఒక్క దినం గూడ కావాలని ఎగ్గొట్టలె. 75 శాతం లేకుంటె పరీక్ష రాయనియ్యరంట. స్కాలర్‌షిప్ గూడ రాదంట. మానేసి బాపు తోని పనికి పోత" అన్నడు.

నేను పంతులును గదా. మొదలు నాకూ అనుమానమే వచ్చింది. ఎగ్గొట్టకుంటె అరవై ఒకటి ఎట్ల పడ్తది రా అని గట్టిగనే అడిగిన. ఆ మాటకు ఇప్పుడు సిగ్గు పడుతున్న. మన పిల్లల మీద మనకే అట్ల అనుమానం ఉంటె, కుర్చీల కూసున్నోళ్లకు ఎట్ల ఉంటది?

ఇద్దరం కూసోని లెక్క చేసినం. మీరు గూడ చేసి చూడుండ్రి. కాలేజీల రోజుకు అయిదు పీరియడ్లు, వారానికి ఆరు దినాలు. మొత్తం ముప్పై. కమాన్‌పూర్ దిక్కు ఊళ్ల నుంచి వచ్చే మొదటి బస్సు కాలేజీ కాడ దించేసరికి మొదటి పీరియడ్ సగమైతది. లెక్చరర్ హాజరు పిలిచి పుస్తకం మూసిండు. అట్ల అయిదు దినాలకు అయిదు పీరియడ్లు పోయినయి. వారంల ఒక దినం బస్సే రాదు. ఇంకో అయిదు పోయినయి. మాపటీలి ఆఖరి బస్సు తప్పిపోతె ఊరికి తొవ్వ లేదు, అందుకని రెండు దినాలు చివరి పీరియడ్ ఇడిసి ఉరకాలె. రెండు పోయినయి. ముప్పైల పన్నెండు పోతె మిగిలినయి పద్దెనిమిది. నూటికి అరవై. పిల్లగానికి 61 పడ్డదంటె వాడు ఉరికి ఉరికి ఒకటి ఎక్కువనే విన్నడు! ఇందుల సోమరితనం ఎక్కడున్నది? సినిమా ఎక్కడున్నది? పొద్దుగాల ఆరింటికి ఇంట్ల నుంచి ఎల్లి, రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరే పోరనికి "క్రమశిక్షణ లేదు" అని ముద్ర.

ఆ కాలేజీ పేరు నేను రాయను. ఒక్క కాలేజీని తిట్టి చేతులు కడుక్కునే సంగతి కాదిది. రామగుండం బెల్టుల ఏ కాలేజీ గేటు కాడ నిలబడ్డా ఇసొంటి పిల్లలు పది మంది దొరుకుతరు. అంతర్గాం, పాలకుర్తి, రామగిరి, ముత్తారం దిక్కుల నుంచి వచ్చేటోళ్లు. మాల, మాదిగ, నేతకాని పిల్లలు, చాకలి, మంగలి, గొల్ల పిల్లలు. వర్గీకరణ మీద మనకు మనకు వాదాలున్నయి. 2025 ఏప్రిల్ 14 నుంచి చట్టం గూడ అమలుకొచ్చింది, వాదం ఇంకా నడుస్తనే ఉన్నది. నడువనీ. బస్సు రాని దినం మాత్రం మాల పిల్ల, మాదిగ పిల్ల ఒకే చెట్టు కింద నిలబడ్తరు.

పిల్లగాని తాత రిటైరైన కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి బాయిల బొగ్గు నింపినోడు. అక్షరం రాదు గని మస్టర్ల లెక్క నోటికి వచ్చు. మనుమని కాయితం సంగతి విని ఒక్కటే అడిగిండు. "సారూ, పని లేదని కంపెనీయే మమ్ముల లేఆఫ్ పెట్టి ఇంటికి తోలితె ఆ దినం మా నాగా అనకపోయేటోళ్లు గదా. మరి బస్సు రాకుంటె పోరని నాగా ఎట్లయితది?"

నేను చదివిన బీఏ, బీఈడీల ఈ ప్రశ్న లేదు. పోయి చట్టం తీసి చూసిన. ఏండ్ల తరబడి మన బాయిలల్ల నడిచిన 1952 గనుల చట్టంల 52వ సెక్షన్ ఉన్నది. లీవు హక్కు రావాలంటె బాయి లోపల పని చేసేటోనికి ఏడాదిల 190 మస్టర్లు, పైన పని చేసేటోనికి 240 మస్టర్లు పడాలె. అదే సెక్షన్‌ల ఇంకో ముక్క రాసిండ్రు. నిబంధనల ప్రకారం లేఆఫ్ పెట్టిన దినాలు, ఆడమనిషి ప్రసూతి సెలవు దినాలు గూడ పని చేసిన దినాల కిందనే లెక్క పట్టాలె అని. జీతం సంగతి వేరు, మస్టర్ లెక్క సంగతి చెప్తున్న. అంటె ఏందన్నట్టు? మనిషి పనికి తయారుగ ఉన్నంక, తప్పు వానిది కానప్పుడు, ఆ దినం వాని ఖాతల నాగా వేయొద్దు. ఇది ఎవని దయాదాక్షిణ్యమో కాదు. కార్మికులు కొట్లాడి రాయించుకున్న న్యాయం.

బొగ్గు తవ్వే తాతకు ఉన్న ఆ న్యాయం చదువుకునే మనుమనికి ఎందుకు లేదు? ప్రిన్సిపాల్ గారిని అడిగితె యూనివర్సిటీ రూలు అంటడు. యూనివర్సిటీల అడిగితె యూజీసీ అంటరు. యూజీసీ ఢిల్లీల ఉంటది. ఢిల్లీల కూసోని రూలు రాసినోడు ఎన్నడన్న పల్లెవెలుగు బస్సు ఫుట్‌బోర్డు మీద ఏలాడిండా? ఆ రూలు రాసినోని మనసుల ఒక పిల్లగాడు ఉన్నడు. వాడు కాలేజీకి నడిచిపోయే దూరంల ఉంటడు, లేకుంటె వాళ్ల నాయిన స్కూటర్ మీద దించుతడు. క్వార్టర్ల పిల్లగాడు. ఆ పిల్లగాన్ని కొలతబద్దగ పెట్టి మన పిల్లగాన్ని కొలుస్తున్నరు. కులం పేరు ఎత్తకుండనే కులం పని చేసే తీరు ఇట్ల ఉంటది.

గడియారం మన పిల్లల్ని ఎట్ల కొడ్తదో 2024ల దేశమంత చూసింది. ఉత్తరప్రదేశ్‌ల ముజఫర్‌నగర్ జిల్లా దళిత కూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీల సీటు వచ్చింది. ధన్‌బాద్ అంటె మనసొంటి బొగ్గు గడ్డనే. 17,500 రూపాయల ఫీజు జూన్ 24న సాయంత్రం అయిదు గంటల లోపల కట్టాలె. ఊళ్లె తిరిగి జమ చేసేసరికి టైమ్ అయిపోయింది, సీటు పోయింది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు ఆ పిల్లగానికి సీటు ఇప్పించింది. సంతోషం. కని మొదటి పీరియడ్ పోయిన ప్రతి పోరడు సుప్రీంకోర్టుకు పోతడా?

ఇగ "డే స్కాలర్" అనే మాట సంగతి. ఈ మాట వినడానికి మంచిగనే ఉంటది. పగటి పండితుడు! 2021 మార్చిల కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కొత్త నిబంధనలు ఇచ్చింది. మామూలు డిగ్రీ చదివే ఎస్సీ పిల్లలకు హాస్టల్‌ల ఉంటె ఏడాదికి 6,000 రూపాయలు, ఇంటి నుంచి పోయొస్తె 3,000. సగానికి సగం. పది నెలల కాలేజీకి పంచితె నెలకు 300, పనిదినానికి 12 రూపాయలు. ఒక చాయ్ పైసలు. ఇంటి కాడ ఉంటడు గనుక తిండి ఖర్చు లేదు, కిరాయి లేదు, వానికి సగం చాలు అనేది సర్కారు తెలివి.

ఇల్లంటె ఏ ఇల్లు సారూ? మా పిల్లగాని ఇల్లు చూద్దురు రాండ్రి. రెండు అర్రలు. నాయిన ఓసీపీల కాంట్రాక్టర్ కింద మట్టి పని, రాత్రి షిఫ్ట్ దిగి వచ్చి పగలు పండుకుంటడు. బ్లాస్టింగ్ అయినప్పుడల్ల రేకులు గజగజ అంటయి. పిల్లగాడు ఎనిమిదింటికి ఇంటికొస్తె అందరు మాట్లాడుకునే వేళ, టీవీ నడిచే వేళ. వాడు పుస్తకం ఇప్పేసరికి పదైతది, తెల్లారి అయిదింటికి లేవాలె. పైగ మొదటి సెమిస్టర్ ఏ నెలలల్ల వస్తది? వానకాలం నడుమ మొదలై పత్తి ఏరుడు, వరి కోతల కాలమంత నడుస్తది. అంటె ఊళ్లె కూలి గట్టిగ దొరికే నెలలే ఆ పిల్లగాని మొదటి సెమిస్టర్ నెలలు. తల్లి ఒక్కతె ఏరితె ఒక కూలి, పిల్ల తోడు పోతె రెండు కూలీలు. "ఈ రెండు దినాలు ఉండు బిడ్డా" అంటది తల్లి. తల్లిని నేను తప్పు పట్ట. సర్కారు దినానికి 12 రూపాయలు లెక్క కట్టిన కాడ, పత్తిచేను అంతకు ఎన్నో రెట్లు ఇస్తది.

ఆ 12 రూపాయలన్న టైమ్‌కు వస్తయా? ఫీజు బకాయిలు ఇయ్యలేదని 2024 అక్టోబర్‌ల ప్రైవేటు డిగ్రీ కాలేజీలు బంద్ పెట్టినయి. మేనేజ్‌మెంట్లు బంద్ పెట్టగలిగినయి. పిల్ల ఎవరి మీద బంద్ పెట్టాలె? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉండె. బకాయి అంటె ఆఫీసుల ఒక ఫైలు, మనింట్ల ఒక పాణం.

ఆడపిల్లల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటె, 2023 డిసెంబర్ 9 నుంచి వచ్చిన జీరో టికెట్ మన పిల్లలకు మేలు చేసింది. బస్సు కిరాయి లేక ఇంటర్ తోనే ఆగిపోయే పిల్లలు కాలేజీ దాకా వస్తున్నరు, నేను కండ్లార చూస్తున్న. ఆడోళ్లు ఉత్తగనే తిరుగుతున్నరని ఎక్కిరించే మగోళ్ల మాటలు మన వాడలల్ల గూడ వింటున్న. సిగ్గుండాలె. కని టికెట్ సున్నా అయినంత జల్ది బస్సులు పెరిగినయా? నిండిన బస్సు ఊరి కాడ ఆగకుండ పోతె ఆ సున్నా టికెట్ ఎవరికి చూపాలె? మాపటీలి బస్సు తప్పితె మగపిల్లగాడు ఎవని బండి మీదనో ఎక్కొస్తడు. ఆడపిల్ల చీకట్ల బొగ్గు టిప్పర్లు ఉరికే రోడ్డు పక్కన నిలబడాలె. ఒక్కసారి ఎనిమిది దాటి తొమ్మిదికి వచ్చిందంటె వాడంత మాట్లాడుతది. నెల తిరిగే లోపల పెండ్లి చూపులు మొదలైతయి. ఈ పని చేసేది దొరలు కాదు, మనమే. మన అన్నలు, మన బాపులు. బస్సు ఆలస్యమైతె డిపో మీదికి పోవాల్సిన కోపం పిల్ల మీదికి పోతున్నది. ఇది రాయకుంటె నా రాత అబద్ధమైతది.

క్లాసుల అడుగు పెట్టినంక ఇంకో లోకం. నేను డిగ్రీ చదివిన రోజులల్ల ఏడాదికి ఒక్క పరీక్ష. వానకాలంల బిత్తరపోయి, దసరాకు తేరుకొని, సంక్రాంతి తర్వాత పుస్తకం గట్టిగ పట్టి ఎండకాలం మొదట్ల రాసి గట్టెక్కినం. బిత్తరపోవడానికన్న టైమ్ ఉండె. 2016 నుంచి ప్రవేశాలు ఆన్‌లైన్ల, చదువు సెమిస్టర్ల. సెమిస్టర్ అంటె 90 పనిదినాలు. ఇంటర్నల్, క్రెడిట్, బ్యాక్‌లాగ్ అనే మాటలకు అర్థం తెలిసేసరికి సగం సెమిస్టర్ అయిపోతది. క్వార్టర్ల పిల్లకు ఇంట్ల అన్ననో అక్కనో చెప్తది. మన పిల్లకు ఎవరు చెప్తరు? దోస్త్‌ల మూడో విడతల సీటు వచ్చిన పిల్ల వచ్చేసరికి మొదటి యూనిట్ అయిపోయి ఉంటది. ఇంటర్ దాకా తెలుగుల చదివి ఇంగ్లీషు మీడియంల కూసున్న పిల్ల లేచి డౌట్ అడుగుతదా? నవ్వుతరని అడుగది. రేపు ఇంటర్నల్ పరీక్ష అని రాత్రి పదింటికి వాట్సప్ గ్రూపుల పెడ్తరు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను నాయిన జేబుల షిఫ్ట్‌కు పోయి ఉంటది. తెల్లారి మొదటి పీరియడే పరీక్ష. మొదటి పీరియడ్ అంటె ఏందో పైన చెప్పిన.

ఇప్పుడు కొందరు పెద్దమనుషులు అంటరు. "మేము నడిచి పోయి చదువలేదా? అంబేద్కర్ వీధి దీపం కింద చదువలేదా?" ఈ వీధి దీపం కత చెప్పేటోళ్లు ఒక సంగతి దాచిపెడ్తరు. 1913ల అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. ఆ స్కాలర్‌షిప్ గడువు అయిపోతె 1917ల లండన్ చదువు నడుమల ఇడిసి వాపస్ వచ్చిండు. మల్ల పైసలు కూడబెట్టుకొని 1920ల గని పోలేకపోయిండు. అంతటి మేధావికే పైసలు ఆగితె చదువు ఆగింది. కష్టపడితె అన్నీ అయితయని మన పిల్లలకు నీతులు చెప్పేటోళ్లు ఈ మూడేండ్ల లెక్క ముందల చెప్పాలె.

బాబాసాహెబ్ ఆ సంగతి మరువలె. వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్ అయినంక, 1943 డిసెంబర్‌ల ధన్‌బాద్ పోయి బొగ్గు బాయి దిగి చూసిండు. 1944 జనవరిల బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. తవ్విన బొగ్గు మీద పన్ను వేసి, ఆ పైసలతోని కార్మికుల ఇండ్లు, నీళ్లు, వైద్యం, చదువు చూడాలె అని. ఎస్సీ పిల్లలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది గూడ 1944లనే. ఒకే మనిషి, ఒకే ఏడాది. బొగ్గు మీద పన్ను ఒక చేతిల, మన పిల్లల చదువు ఒక చేతిల. గోదావరిఖని చౌరస్తల దండ వేసేటప్పుడు ఈ సంగతి ఎంతమంది యాది చేసుకుంటున్నరు?

ఆ పన్ను తోవ ఇప్పటికీ ఉన్నది. 2015ల గనుల చట్టం మార్చి ప్రతి గనుల జిల్లాల ఖనిజ నిధి ట్రస్టు పెట్టిండ్రు. బొగ్గు ధరల నూటికి 14 రూపాయలు రాయల్టీ. 2015కు ముందటి పాత లీజు గని అయితె ఆ రాయల్టీల 30 శాతం లెక్క కట్టి అదనంగ ఈ ట్రస్టుకు జమ చేయాలె. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఈ పైసలు, ముందు వరుస ఖర్చులల్ల విద్య గూడ ఉన్నదని నిబంధన. మన భూములు ఓసీపీల పోయినయి. మన రోడ్లు టిప్పర్ల కింద పోయినయి. కుందనపల్లి బూడిద చెరువు కాడి ఊళ్లు పీల్చే గాలి సంగతి మీకు నేను చెప్పాల్నా? ఇంత పోయినంక, ఆ నిధిల నుంచి పొద్దుగాల నాలుగు బస్సులు, కాలేజీ పిల్లలకు ఒక హాస్టల్ అడిగితె అది బిచ్చమా? మన మట్టి కింది బొగ్గు మీది పైసలు మనం అడుగుతున్నం. 2016ల ఆడపిల్లలకు గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చినయి, మంచిదే. సీటు దొరకనోళ్లు, ఇంటి నుంచే పోయిరావాల్సినోళ్లు సర్కారు లెక్కల ఎక్కడున్నరు?

ఇంకో మాట. కాలేజీ మానేసిన పిల్లగాడు ఎక్కడికి పోతడు? 1990లల్ల సింగరేణిల లక్ష మందికి పైగ పర్మినెంట్ కార్మికులు ఉండె. ఇయ్యాల నలభై వేల దాక ఉన్నరు. బొగ్గు తగ్గిందా? లేదు. బాయిలు మూసి ఓసీపీలు తెరిచి, మట్టి పని కాంట్రాక్టర్లకు ఇచ్చిండ్రు. తాతది పర్మినెంట్ నౌకరి, బాపుది కాంట్రాక్టు కూలి. మనుమడు మొదటి సెమిస్టర్ల పడిపోతె కాంట్రాక్టర్ కింద ఇంకో కాంట్రాక్టర్ దగ్గర తేలుతడు, డంపర్ మీద క్లీనర్‌గనో, గేటు కాడ సెక్యూరిటీ గార్డుగనో. మానేసిన పిల్ల పేరు కాలేజీ రికార్డుల "డిస్‌కంటిన్యూ" అని ఒక్క ముక్క. ఎవడు డిస్‌కంటిన్యూ చేసిండు? పిల్లనా, బస్సా, రూలా? ఆ గడి కాయితంల లేదు.

మన సంఘాల సంగతి గూడ అడుగుత, కోపం చేసుకోవద్దు అన్నలారా. ఏప్రిల్ 14కు ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చుల ఎంతమంది పిల్లల బస్‌పాసులు వస్తయి? మగపిల్లగాడు నెలనెలా పైసలు కట్టి పాస్ తీసుకోవాలె, మనల ఎవరికన్న ఆ లెక్క తెలుసా? మొదటి బస్సు ఎన్నింటికి వస్తదో ఎంతమంది లీడర్లకు తెలుసు? నాకు గూడ ఆ పిల్లగాడు వచ్చేదాక తెలువది. నా సొంత కొడుకును కరీంనగర్ హాస్టల్‌ల పెట్టి చదివిస్తున్న. రెండక్షరాలు నేర్చి నౌకరి చేసేటోళ్లం మన పిల్లల్ని బస్సు నుంచి దించుకున్నం, బస్సును మరిచినం.

మనం అడిగేవి పెద్ద కోర్కెలేం కాదు. బస్సు ఆలస్యమైన దినం, రాని దినం ఆ పిల్లకు నాగా వేయొద్దు. లేఆఫ్ దినం తాతకు లెక్కకొచ్చినట్టు వీళ్లకు రావాలె. యూనివర్సిటీ దాకా పోయే పని యూనివర్సిటీ దాకా పోదాం, ముందల కాలేజీల మొదటి పీరియడ్ హాజరు ఆఖరి పీరియడ్‌ల గూడ వేసే ఏర్పాటు ప్రిన్సిపాల్ చేయొచ్చు. పోయొచ్చే పిల్లకు సగం స్కాలర్‌షిప్ అనే తీరు పోవాలె. 1855లనే జోతిరావు ఫూలే, సావిత్రీబాయి పగలంత పని చేసే రైతులకు, కూలీలకు పుణెల రాత్రి బడి పెట్టిండ్రు. చదువుకునేటోని టైమ్‌కు బడి వచ్చింది. ఇయ్యాల మనం బడినే మార్చుమంటలేం, టైమ్‌టేబుల్ అరగంట జరుపుమంటున్నం.

ఈ సంచిక చదివిన సంఘం మిత్రులు చేయాల్సిన పని ఒకటున్నది. ఊరికొక 200 పేజీల నోటుబుక్కు కొనుండ్రి. బస్సు స్టాండు కాడ నిలబడే పిల్లలల్ల ఒకరికి ఇయ్యుండ్రి. తారీఖు, బస్సు రావాల్సిన టైమ్, వచ్చిన టైమ్, ఎంతమంది ఎక్కిండ్రు, ఎంతమంది కింద మిగిలిండ్రు, ఏ పీరియడ్ పోయింది. కింద ఇద్దరు పెద్దల సాక్షి సంతకం. నెల నిండినంక నకలు ఒకటి ప్రిన్సిపాల్‌కు, ఒకటి బస్సు డిపో మేనేజర్‌కు, ఒకటి సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిల. రసీదు అడిగి తీసుకోవాలె. ఊళ్ల పుస్తకాలన్ని ఒక్కకాడ పెడితె అప్పుడు ఖనిజ నిధి పైసల మాట ఎత్తుదాం.

మా పిల్లగాడు పోయిన సోమవారం నుంచి రాస్తున్నడు. పనికి పోలె, ఇంకా కాలేజీకే పోతున్నడు. మొదటి పేజీల ఆరు దినాలున్నయి. నాలుగు దినాలు బస్సు ఆలస్యం, ఒక దినం రాలె, ఒక దినం టైమ్‌కు వచ్చింది గని నిండి ఉండి ఆగలె. సాక్షి సంతకం గడిల వాళ్ల తాత వేలిముద్ర ఉన్నది.